చెల్లి గీత

పిలిచేశాను. ఫోను కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుని వాకిట్లో తిన్నె మీద కూర్చున్నాను. డెబ్బైరెండేళ్లలో బయల్దేరిన మనిషిని నేను వెనక్కి పిలవడం ఇదే మొదలు. గడప దాటినవాణ్ణి వెనక నుంచి పిలవకూడదు, ఎక్కడికని అడగకూడదు, వాడు ఏదైనా మరిచిపోతే వాడికై వాడికి గుర్తొచ్చి తిరిగి రావాలే తప్ప మనం కేకెయ్యకూడదు. మా అమ్మ నాకు ముద్ద కలుపుకోవడం నేర్పిన రోజుల్లోనే ఇదీ నేర్పింది. నేర్చుకున్నది నేర్చుకున్నట్టే పాటించాను. పాటించి ఏం బాగుపడ్డానో ఆ దేవుడికే తెలియాలి. ఇప్పుడు మాత్రం నా మనవడు రఘునాథ్‌ను పిలిచేశాను. నాలుగు గంటలకు వాడు మోటారు సైకిలెక్కి రేణిగుంటకు పోయాడు. అక్కడి గోడౌనులో లోడెత్తిన లారీని ఆరింటికి తీయాలి, నాగపూరు దాకా పోయి రావాలి, ఆరు రోజులు. వాడు పోయిన అరగంటకు వాడి భార్య పల్లవి శ్రీ సిటీ నుంచి కంపెనీ బస్సులో వచ్చి దిగింది. ఇంకో పావుగంటకు స్నానాలగది కిటికీలో పెట్టిన స్ట్రిప్పు మీద రెండో గీత ముదిరింది. ఈ ఇంట్లో అన్నీ ఇంతే, ఒకటి వెళ్లిపోయాకే ఇంకొకటి వస్తుంది.

ఫోనులో పిలిస్తే వెనక నుంచి పిలిచినట్టా, ముందు నుంచి పిలిచినట్టా? వాడు జేబులోంచి తీసి చెవికి పెట్టుకున్నాడు, అంటే పక్క నుంచి పిలిచినట్టు. పక్క నుంచి పిలవకూడదని మా అమ్మ చెప్పలేదు. ఆమె కాలానికి పక్క నుంచి పిలిచే సాధనమే లేదు. ఇట్లా నా తరఫున నేనే వాదించుకుంటున్నాను, తీర్పు చెప్పేవాళ్లు లేరు. లోపల పల్లవి కంపెనీ యూనిఫారం ఉతుకుతోంది. బండ మీద బట్ట పడే చప్పుడులోనే తెలుస్తుంది మనిషి మనసు. ఈరోజు ఆ చప్పుడు మామూలు కంటే గట్టిగా లేదు, మెల్లగా లేదు, ఏమీ లేదు. అదే నాకు భయం. ఆమెకు తెలియదు నేను పిలిచినట్టు. వాడు రాకపోతే ఎప్పటికీ తెలియకూడదు.

వాడు ఫోనెత్తగానే వెనకాల ఎవరో తాడు లాగుతూ అరుస్తున్న అరుపు, లారీ హారను, వాన చినుకులు రేకు మీద పడే చప్పుడు అన్నీ కలిసి వినిపించాయి.

"ఏమైంది అవ్వా?" అన్నాడు.

"ఏమీ కాలేదు."

"మల్ల?"

"ఏమీ కాలేదురా. ఏదో ఒకటి కావాలనే పిలుస్తా ఉండా. ఈ పొద్దు పోవద్దు. ఇంటికి రా."

అంతే అన్నాను. వాడు వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.  ఫోను పెట్టేశాడు. ఒంట్లో బాగాలేదని అబద్ధం చెబితే పరిగెత్తుకుని వచ్చి ఉండేవాడు, ఆ సంగతి నాకు తెలుసు, నాలుక చివర దాకా వచ్చిన అబద్ధాన్ని మింగేశాను, ఎందుకంటే అబద్ధం కోసం వచ్చినవాడు నిజం తెలిశాక కోపంతో ఉంటాడు, కోపంతో ఉన్నవాడు ఇంట్లో ఉన్నా ఒకటే, నాగపూరులో ఉన్నా ఒకటే. అప్పుడు ఐదుకు పది నిమిషాలు తక్కువ. రేణిగుంట నుంచి మా వడమాలపేటకు బండి మీద అరగంట, వాన కాబట్టి ముప్పావుగంట, యజమానితో మాటలకు ఇంకో పదినిమిషాలు. ఆరు లోపల రాకపోతే ఇక రాడు. టోల్‌గేటు దగ్గర లారీలు బ్రేకు వేసే చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. ఇన్ని చప్పుళ్లలో ఒక మోటారు సైకిలు చప్పుడు వేరు చేసుకోవాలి నేను.

ఆ స్ట్రిప్పు సన్నగా, చీపురుపుల్ల వెడల్పుకు కొంచెం ఎక్కువ ఉంటుంది. గిన్నెలో పట్టిన మూత్రంలో ముంచి తీసి పెడితే తడి మెల్లగా పైకి ఎక్కుతుంది. మొదట ఒక గీత పడుతుంది, అది ఎప్పుడైనా పడుతుంది, ఎవరు ముంచినా పడుతుంది, స్ట్రిప్పు సరిగ్గా పనిచేస్తోందని చెప్పడానికే అది. దానికి నేను అక్క గీత అని పేరు పెట్టుకున్నాను. దాని పక్కన వచ్చేది చెల్లి గీత. చెల్లి ఒక్కోరోజు రాదు, ఒక్కోరోజు నీడలాగా వచ్చి నిలబడుతుంది, వచ్చిందా రాలేదా అని కళ్లు చిట్లించి చూడాలి. నీడలాగా వస్తే లెక్కలోకి రాదు. చెల్లి అక్కంత నల్లబడాలి, లేదా అక్కను మించాలి. ఆ రోజు నుంచి ఒక దినం, దినమున్నర లోపల ఆడదాని కడుపులో అండం విడుదలవుతుంది, అది బతికేది ఒక్క పూట, మహా అయితే ఒక్క రోజు. అంతే వ్యవధి. నెలకు ఒక్కసారి తలుపు తెరిచి, చూసి, ఎవరూ లేకపోతే మూసుకుని వెళ్లిపోతుంది. నేను నలుగురిని కన్నాను, ఒకడే దక్కాడు. అప్పుడు ఈ తలుపు సంగతి నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. మొగుడు ఇంట్లో ఉన్నాడు కాబట్టి పిల్లలు పుట్టారు. ఇప్పుడు ఒకరిది తెల్లవారుజాము బస్సు, ఒకరిది సాయంత్రం లారీ, ఒకరి నిద్ర ఇంకొకరి మెలకువ. తిరుపతిలో డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేసి, ఇద్దరిలోనూ ఏ లోపమూ లేదు, రోజు కుదరాలి అంతే అని చెప్పి పంపింది. లోపం ఉంటే మందు ఉంటుంది. రోజు కుదరకపోతే మందేమిటి?

ఈ సంగతులన్నీ నాకు చెప్పింది ఆ పెట్టెలోని కాగితమే. మూడు నెలలు పల్లవి తప్పు చేస్తూ వచ్చింది. తెల్లవారుజామున మూడున్నరకు లేచి, నాలుగున్నర బస్సుకు ముందు, మొట్టమొదటి మూత్రంతో పరీక్ష చేసుకునేది. నెల తప్పిందో లేదో చూసుకునే పరీక్షకు పొద్దుటిది మంచిదని అందరికీ తెలుసు కదా, ఇదీ అంతే అనుకుంది. చదువుకున్న పిల్లే, పాలిటెక్నిక్ చదివింది, ఏసీలు బిగించే కంపెనీలో తన చేతి కింద పదిమంది ఆడపిల్లలు పనిచేస్తారు, కానీ ఆ గంటలో ఎవరు కాగితం చదువుతారు, కళ్లు తెరిచేసరికి బస్సు టైమవుతుంది. నేను చదివాను. ఇంట్లోకి వచ్చిన ఏ కాగితాన్నీ నేను చదవకుండా వదలను. సబ్బుపెట్టె కింద మడిచి పెట్టి ఉంటే తీసి, వరండాలో వెలుతురులో కూర్చుని, రఘు పాత భూతద్దంతో ఒక పూటంతా చదివాను. ఎనిమిది భాషలు అచ్చువేసి మన భాషకు చివర ఇంత చోటు ఇచ్చారు. అందులో స్పష్టంగా ఉంది, పొద్దున లేవగానే వచ్చినది వద్దు, పగలు పది నుంచి రాత్రి ఎనిమిది లోపల చేయాలి, రోజూ ఒకే వేళకు చేయాలి, దానికి ముందు రెండు గంటలు నీళ్లు ఎక్కువ తాగకూడదు అని. చదివాక తెలుసుకున్నది ఎట్లా చెప్పను? మనవడి పెళ్లాంతో అమ్మాయీ నువ్వు ఏ వేళకు ఉచ్చ పోస్తున్నావని అడగనా? ఒకరోజంతా ఆలోచించి, ఆ నాలుగు వాక్యాల కింద పెన్సిలుతో గీతలు గీసి, ఆమె టిఫిను బ్యాగులో పచ్చడి డబ్బా కింద పెట్టాను.  మరుసటి రోజు బస్సు దిగి నేరుగా స్నానాలగదిలోకి పోయింది. పది నిమిషాలకు ఆ స్ట్రిప్పు తెచ్చి నా ముందు పెట్టి, తల పక్కకు తిప్పుకుని, "అవ్వా, నీ కండ్లతో సూడు, నా కండ్లు ఆశపడతాయి," అంది. అప్పటి నుంచి గీత చూసేది నేనే.

కాగితాలు ఎందుకు చదువుతానంటే, ఒక కార్డు వల్ల. మా ఇంటాయన చెంగయ్య అరక్కోణం అవతల ఇటుక బట్టీలకు పోయేవాడు. ఒకరోజు తెల్లవారి బయల్దేరినప్పుడు తువ్వాలు దండెం మీదే ఉండిపోయింది. నేను చూశాను. తీసుకుని వాకిలి దాకా వచ్చాను. ఆయన వీధి మలుపు దాకా పోయాడు, ఒక్క కేక వేస్తే వినబడే దూరం. వేయలేదు. తువ్వాలు చేతిలో పట్టుకుని ఆయన వీపు చూస్తూ నిలబడ్డాను, మలుపు తిరిగాక ఇంట్లోకి వచ్చాను. పన్నెండు రోజులకు కార్డు వచ్చింది. చదివేవాళ్లు ఆ రోజు ఊళ్లో లేరు, పుత్తూరు సంతకు పోయారు. నేను ఆ కార్డును రవికలో పెట్టుకుని, మొగుడు డబ్బు పంపుతానని రాసి ఉంటాడని, తలంటుకుని పూలు పెట్టుకుని, సాయంత్రం దాకా పని చేసుకున్నాను. బట్టీ గోడ కూలి మనిషి పోయాడని అందులో ఉంది. అది నా గుండె మీద ఉండగా నేను పూలు పెట్టుకుని తిరిగాను. ఆ తర్వాత శెట్టి అంగడిలో పప్పు కట్టి ఇచ్చిన కాగితాలు, బస్సుల బోర్డులు, గోడల మీద రాతలు పట్టుకుని, కనబడినవాణ్ణల్లా అడిగి, రెండేళ్లలో చదవడం నేర్చుకున్నాను. తువ్వాలు గోడను ఆపదు, నాకు తెలుసు. కానీ పిలిచి ఉంటే ఆరింటి బస్సు తప్పిపోయేది, ఏడింటి బస్సుకు పోయేవాడు, ఏడింటి బస్సుకు పోయిన మనిషి వేరే వరసలో నిలబడి వేరే గోడ దగ్గర పనిచేసేవాడు. నలభై ఐదేళ్లుగా ఆ ఏడింటి బస్సులో ఆయన్ను ఎక్కిస్తూనే ఉన్నాను.

బండి చప్పుడు. కాదు, పాలవాడిది. ఐదూ ఇరవై అయింది. వాన సన్నబడింది, కొండల మీద మబ్బు మాత్రం దిగినది దిగినట్టే ఉంది.

పోయిన నెల ఏమైందంటే, చెల్లి గీత వచ్చింది, కాగితంలో చెప్పినట్టే వచ్చింది. పల్లవి ఫోను చేసింది. రఘు అప్పుడు నాయుడుపేట దాటి ఉన్నాడు, లారీని ఇంకొకడికి అప్పజెప్పి, బస్సులు మారి మారి వచ్చాడు. వచ్చేసరికి వాడి ముఖం నల్లగా ఉంది. యజమాని నోటికి వచ్చినట్టు మాట్లాడాడట. అన్నం దగ్గర కూర్చుని వాడు అన్నాడు, గీత చూసి బెల్లు కొడితే వచ్చి నిలబడడానికి నేనేమైనా కంపెనీ బస్సునా అని. పల్లవి గరిటె కింద పెట్టి లేచిపోయింది. రాత్రి ఆమె వరండాలో నా పక్కనే పడుకుంది. అటు తిరిగి పడుకుని, గోడతో చెప్పినట్టు చెప్పింది, ఇంక నేను పిలవనవ్వా, నా పానం పోయినా పిలవను, ఆయనకై ఆయన ఉన్నప్పుడు ఏమైతే అది కానీ. అందుకే ఈరోజు ఆ గీత చూసి కూడా ఆమె ఫోను ముట్టుకోలేదు. పెట్టెకు ఐదు స్ట్రిప్పులు. నాలుగు రోజులుగా నీడలే పడ్డాయి. ఈరోజు ఐదోది, ఆఖరుది, చెల్లి అక్కను మించింది, కాటుకతో గీసినట్టు, నాకు భూతద్దం కూడా అవసరం లేకపోయింది. "వచ్చిందిమే," అన్నాను. "రానీ," అంది. అని యూనిఫారం బకెట్లో వేసింది. అప్పుడు నేను ఫోను తీసుకుని వాకిట్లోకి వచ్చాను.

ఎదురింటి నిర్మలమ్మ నన్ను చూసి గిన్నెలో ఉడకబెట్టిన శనక్కాయలు తీసుకుని వానలోనే ఇటు వచ్చింది. పుత్తూరులో కాన్పుల ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు ఆయాగా చేసి ఇంట్లో కూర్చున్న మనిషి, కూర్చున్నా కళ్లు మాత్రం కూర్చోవు. బస్టాండులో కూర్చున్నట్టు కూర్చున్నావే, ఏ ఊరి బస్సుకక్కా అని ఎగతాళి చేసింది. వాన చూస్తున్నానన్నాను. వాన పైనుంచి పడతా ఉంటే నువ్వు వీధి మలుపు చూస్తా ఉండావే అంది. మీ రఘు పోయి రెండు గంటలు కాలేదే, అప్పుడే బెంగపెట్టుకున్నావా అంది. నేను శనక్కాయ ఒలిచి నోట్లో వేసుకున్నాను, నోరు ఖాళీగా ఉంటే ఈమె ముందు ఏం మాట్లాడతానో అని. లోపలికి తొంగి చూసి, పల్లవి బట్టలు ఉతకడం చూసి, నా ముఖం చూసి, గిన్నె నా పక్కన పెట్టి వెళ్లిపోయింది. ఆమె చేతుల్లోకి ఈ మండలం సగం పుట్టింది. రఘు కూడా ఆమె చేతుల్లోకే వచ్చాడు. కాళ్లు ముందు వచ్చాడు, పుట్టేటప్పుడే బయల్దేరేవాడిలా వచ్చాడు అని ఇప్పటికీ ఏడిపిస్తుంది వాణ్ణి.

కాళ్లు ముందు వచ్చిన ఆ పిల్లవాడికి నాలుగేళ్లప్పుడు నా కొడుకు సుబ్రమణ్యం జ్వరంతో పోయాడు. నా కోడలు నాగులమ్మకు ఇరవైమూడు నిండలేదు. సంవత్సరం తిరిగాక ఆమె అన్నదమ్ములు తిరుత్తణి నుంచి జీపులో వచ్చారు, ఇంకో పెళ్లి చేస్తామన్నారు, పిల్లవాడు వద్దన్నారు. నేను సరే అన్నాను. చిన్న పిల్ల, ఎన్నాళ్లుంటుంది ఇక్కడ, నేనే బొట్టుపెట్టి పంపాను. అది తప్పు కాదు, ఇప్పటికీ తప్పనుకోను. తప్పు వేరే ఉంది. ఆమె వీధిలో నడిచి జీపు దగ్గరికి పోతోంది, తల వంచుకుని, అడుగులు మెల్లగా వేస్తూ. వాడు నా చంకలో ఉన్నాడు. అప్పటిదాకా బొంగరం చూసుకుంటున్నవాడు ఒక్కసారిగా తలెత్తి చూశాడు, వాడి ఛాతీ నిండింది, నోరు తెరిచాడు. నా అరచేయి పోయి వాడి నోటి మీద పడింది. వెనక నుంచి పిలవకూడదు, మంచికి పోతోంది పిల్ల, పిలిస్తే అరిష్టం. ఇదే నా తలలో ఉంది, ఇంకేమీ లేదు. వాడి పెదాలు నా అరచేతిలో కదిలాయి. అమ్మా అనే మాట నా చేతికి తగిలింది, చెవికి వినబడలేదు. రెండుసార్లు తగిలింది. జీపు పోయింది. వాడు ఆ తర్వాత ఏడవలేదు కూడా. వాడికి గుర్తుందో లేదో నేనెప్పుడూ అడగలేదు, అడిగే ధైర్యం లేదు. చేయి మాత్రం మరవలేదు, చలికాలంలో ఒక్కోసారి ఈ కుడి అరచేతిలో మధ్యన వెచ్చగా అనిపిస్తుంది.

మూడేళ్ల కింద వాడి పెళ్లికి నాగులమ్మ వచ్చింది. తలలో తెల్లవెంట్రుకలు, పక్కన ఎదిగిన ఇద్దరు ఆడపిల్లలు. అక్షింతలు వేసి నా దగ్గరికి వచ్చి కూర్చుని, నా చీర కుచ్చిళ్లు సర్దుతూ, మామూలు మాట మాట్లాడినట్టు అంది. "ఆ పొద్దు జీపు దాకా నడిచేటప్పుడు నా పానమంతా యీపులో పెట్టుకుని నడిచినా అత్తా. ఒక్క పిలుపు వినబడింటే ఎక్కేదాన్ని కాదు." కోపంగా అనలేదు. వాడు బాగున్నాడు కదా, నువ్వు బాగా పెంచినావు అని కూడా అంది. నేను నా కుడిచేయి కొంగు కింద పెట్టుకున్నాను. వీపులో ప్రాణం పెట్టుకుని నడవడం అంటే ఏమిటో అప్పటిదాకా నాకు తట్టలేదు. పోయేవాళ్లు పిలుపు వద్దనుకుని పోతారని అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. మా ఇంటాయన వీపు కూడా అట్లాగే ఉందా ఆ తెల్లవారి? ఈరోజు నాలుగు గంటలకు రఘు హెల్మెట్ పెట్టుకుని గేటు దగ్గర ఒక నిమిషం ఊరికే నిలబడ్డాడు, పెట్రోలు చూసుకున్నాడో ఏమో, వీధి మలుపులో కంపెనీ బస్సు వస్తుందేమో చూశాడో ఏమో. అడగలేదు నేను.

పావు తక్కువ ఆరు. ఉతుకుడు చప్పుడు ఆగింది. తలుపులోంచి చూస్తే పల్లవి స్నానాలగది గడపలో కూర్చుని ఆ స్ట్రిప్పును పసుపు గౌరమ్మను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని చూస్తోంది. పది నిమిషాలు దాటాక చూడకూడదని ఆ కాగితంలో ఉంది, దాటితే రంగు మారుతుందట. కానీ ఆమె చూస్తున్నది పరీక్ష కోసం కాదు. నాకు లోపలికి పోయి ఆమె తల మీద చేయి వేయాలనిపించింది. వేస్తే ఏడుస్తుంది, ఏడ్చిన ముఖంతో ఉండగా వాడు వస్తే? రాకపోతే? ఈ గీత ఏమీ రాసివ్వదు, కాగితం చివర అదీ చదివాను, ఇది గర్భానికి హామీ కాదు అని ఒక వాక్యం ఉంది, దాని కింద నేను పెన్సిలు గీత గీయలేదు. హామీ ఎవరడిగారు? నేలలో తేమ ఉందని తెలిసిన పూట విత్తనం చేతిలో ఉండాలి, అంతే కదా సేద్యగాడు కోరేది, మొలిచేది తర్వాతి మాట.

టోల్‌గేటు దిక్కు నుంచి ఒక చప్పుడు విడిపోయి ఇటు తిరిగింది. లారీ కాదు, ఆటో కాదు. మలుపులో కాస్త మందగించి, మళ్లీ ఎత్తుకుంది. రఘు బండి సైలెన్సరుకు చిన్న చిల్లి ఉంది, దగ్గినట్టు మోగుతుంది.  వాడు గేటు ముందు ఆపాడు. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది, ముఖం మీద నీళ్లు కారుతున్నాయి, కోపం ఉందా అని వెతికాను, నీళ్లలో కనిపించలేదు. పల్లవి చప్పుడు విని తడి చేతులతో బయటికి వచ్చి, వాణ్ణి చూసి అక్కడే ఆగిపోయింది.

"ఏం మరిసిపోయినావు?" అంది.

"ఏమీ మరవలా. లారీ తెల్లారి మూడుకు తీస్తా. అంతవరకు క్లీనరు బాలాజీ ఆడనే ఉంటాడు."

"మీ ఓనరు ఏమనలేదా?"

"అన్నాడు. అననీ."

"నేను పిలవలేదు," అంది పల్లవి. 

"నువ్వు పిలిచినావని నేను అన్నానా?" అని వాడు చెప్పులు విడిచి, ఆమె ముఖం చూసి, "పోయిన నెల అన్న మాట ఒకటి ఉండాది, అది వెనక్కి తీసుకునేదానికి వచ్చినా," అన్నాడు. ఆమె తలుపు చెక్కకు ఆనుకుని, కొంగుతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టి, ఆరిన చేతులను ఇంకా తుడుచుకుంటూనే లోపలికి పోయింది.

కొళాయి దగ్గర వాడు కాళ్లు కడుక్కుంటుంటే నేను గోడ పట్టుకుని పోయి మెల్లగా అన్నాను, నేను ఫోను చేసినట్టు చెప్పొద్దురా అని. వాడు వంగినవాడు వంగినట్టే ఉండి, బురద రుద్దుకుంటూ అన్నాడు. "ఇన్నేండ్లలో ఒక్కతూరైనా పిలిచినావా అవ్వా నువ్వు నన్ను? బడికి పోయినా, బండెక్కినా, అట్లనే నిలబడి చూస్తావు. ఫోనులో నీ గొంతు వినంగానే పెద్దదే అయ్యుంటాదనుకున్నా." నీళ్లు ఆపాడు. "టోల్‌గేటు కాడ అర్థమైంది ఏందో." అని నవ్వాడు, నా భుజం పట్టుకుని లేచి నిలబడ్డాడు, వాడి బరువంతా ఒక్క క్షణం నా మీద పడింది. నేను పడలేదు. నోరు తెరిస్తే జీపు సంగతి, అరచేయి సంగతి, అన్నీ ఒకేసారి బయటికి వచ్చేలా ఉన్నాయి. ఎప్పుడో చెప్పాలి వాడికి. ఈ పూట కాదు. ఈ పూట వేరేవాళ్లది.

మా ఇల్లు ఒక గది, ఒక వంటిల్లు, ముందర నేను పడుకునే వరండా. మధ్యనున్న గోడ ఒంటి ఇటుక గోడ, నా దగ్గు వాళ్లకు, వాళ్ల గుసగుస నాకు వినబడుతుంది. పిల్లలు లేకపోవడానికి ఆ గోడ కూడా ఒక కారణమేమోనని ఎన్ని రాత్రులు దగ్గు మింగుకుని పడుకున్నానో. ఏడు గంటలకల్లా వాళ్లిద్దరికీ చారు, అన్నం, రెండు అప్పడాలు కాల్చి పెట్టి, దుప్పటి మడిచి చంకన పెట్టుకున్నాను. పల్లవి చూసి, యాడికవ్వా అని అడిగేసింది. నిర్మలమ్మకు కాళ్లనొప్పులట, తోడు పడుకుంటానని చెప్పాను. కాళ్లనొప్పుల మనిషి వానలో గెంతుకుంటూ శనక్కాయలు తెచ్చింది కదా అని పల్లవి అనలేదు. తల వంచుకుని నా దుప్పటి అంచు సరిచేసింది. ఆ వేళ్లు చల్లగా ఉన్నాయి, మూడేళ్ల కింద పెళ్లి పీటల మీద తాకినప్పుడు ఉన్నట్టే. రఘు చినుకుల్లో గొడుగు పట్టుకుని నన్ను వీధి దాటించి, నిర్మలమ్మ మెట్ల దగ్గర వదిలి, రెండేసి అడుగులు ఒకటిగా వేసుకుంటూ తిరిగి పోయాడు. వాడు అంత తొందరగా ఇంటి వైపు నడవడం నేను చూసి చాలా రోజులైంది.

నిర్మలమ్మ ప్రార్థన ముగించి బైబిలు మూస్తోంది. దుప్పటితో నిలబడ్డ నన్ను కళ్లద్దాల పైనుంచి చూసి, "ఏందక్కా, మూటాముల్లె సర్దుకుని వచ్చినావు?" అంది.

ఇంట్లో చెప్పిన అబద్ధం ఇక్కడ పనికిరాదు, ఆమె కాళ్లు ఆమె దగ్గరే ఉన్నాయి. ఇంకొకటి ఆలోచించుకుని రాలేదు. ఎన్నో కాగితాలు చదివాను, సమయానికి ఒక్క మంచి అబద్ధం గుర్తుకు రాలేదు.

"మా ఇంట్లో కరెంటు లేదు," అన్నాను.

నిర్మలమ్మ మెడ చాచి నా వెనక తలుపులోంచి చూసింది. నేనూ తిరిగి చూశాను. మా ఇంటి ట్యూబులైటు వీధి సగానికి తెల్లగా కాస్తోంది, వానకు లేచిన ఉసిళ్లు దాని చుట్టూ మూగుతున్నాయి, మా కిటికీ ఊచల నీడలు మెట్ల మీద కూడా కనిపిస్తున్నాయి. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. ఆమె నా ముఖం చూడలేదు, నేను ఆమె ముఖం చూడలేదు. దుప్పటి నా చంకలో బరువెక్కింది.

లైటు ఆరిపోయింది.

"అవునక్కా, పొయ్యిందే," అని నిర్మలమ్మ తలుపు దగ్గరగా వేసి, నాకు చాప పరిచింది.